సెమికోలన్ అవతల

మూడో వరుసలో కూచునే నూకరత్నం
తెరమీద వేలు ఆనించి అడిగింది:
"ఇదేటి సార్, స్లీప్ అని పేరెట్టి
సెమికోలన్ కొట్టి ఒగ్గీసారు,
ఒళ్ళు లేదేటి దీనికి?"

ఆ వరుస నేను పదకొండేళ్ళుగా చూస్తున్నదే.
ముందు నేటివ్ అనే మాటొకటి,
ఆపైన ఖాళీ. బ్రాకెట్లు లేవు, లోపల పని లేదు.
జావాలో ఉంటూ జావాది కాని వరుస.
"అది సిలబస్‌లో లేదమ్మా" అన్నాను.
ఉప్పుగాలికి తుప్పుపట్టిన గేటులా
కిర్రుమంది నా జవాబు.
కంచరపాలెం పాలిటెక్నిక్ ల్యాబులో
ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి.

రాత్రి మర్రిపాలెం గదిలో
మొత్తం సోర్సు కోడు డౌన్‌లోడ్‌కి పెట్టాను.
ఇన్నాళ్ళూ వడ్డించిన భాష కాదు ఇది,
భాషని వండిన వంటిల్లు.
నెట్ ఆగి ఆగి వస్తోంది.
అవతల యార్డులో ఖనిజం వ్యాగన్లు
ఒకదాన్నొకటి గుద్దుకుని కదులుతున్నాయి,
ఏ ఓడకోసమో.
పోర్టు ఊళ్ళో ఎగుమతే ఎక్కువ వినిపిస్తుంది,
నా గదిలో ఇవాళ దిగుమతి.

సింహాద్రప్పన్న నిజరూపం చూడాలంటే
ఏడాదికొక్కరోజు, చందనం ఒలిచాక,
చీకటుండగానే క్యూలో నిలబడాలి.
ఇక్కడ ఎవరో ఒలిచే ఉంచారు.
ఏ రాత్రైనా వెళ్ళొచ్చు, టికెట్ లేదు.
ఇన్నేళ్ళూ వెళ్ళనిది నేనే.

స్లీప్ అని వెతికితే వేల చోట్ల ఉంది,
సగం వ్యాఖ్యల్లోనే.
చివరికి ఒక సి ఫైల్లో చిన్న పట్టిక:
ఎడమపక్క జావా పిలిచే పేరు,
కుడిపక్క అసలు పలికేవాడి పేరు.
ఆ కుడిపేరు పట్టుకుని బయల్దేరాను.

వన్ టౌన్‌లో అడ్రసు అడిగినట్టే ఉంది.
కురుపాం మార్కెట్ దగ్గరివాడు
దర్గా మెట్లవైపు చెయ్యి చూపిస్తాడు,
మెట్ల దగ్గరివాడు "ఆ పక్క సందే" అంటాడు,
పక్క సందులో ముసలాయన
మనం చెప్పిన పేరు విని నవ్వి
"ఆయన్ని ఇక్కడ వేరే పేరుతో పిలుస్తాం" అంటాడు.
అలా నాలుగు పేర్లు మారాయి.

దారిలో ఒకచోట ఎవరో రాసిపెట్టారు:
ఈ వరుస తీసేసి చూశాను,
ఒక మిషన్ తెల్లారేదాకా లేవలేదు,
దయచేసి ముట్టుకోకండి.
కింద పొడి అక్షరాలు రెండు, తేదీ లేదు.
ఆ మనిషికీ ఆ రాత్రి కునుకు లేదన్నమాట.
నా టీ చల్లారిపోయింది.

రెండున్నరకి అడుక్కి చేరాను,
అడుగని నేననుకున్న చోటికి.
అక్కడ నిద్ర లేదు.
దారాన్ని ఓ పక్కన నిలబెట్టి
ఇన్ని మిల్లీసెకన్లయ్యాక తట్టమని
కింద ఇంకెవరికో ఒప్పజెప్పడం. అంతే.
ఆ కిందవాడు లెక్కపెడుతూ కూచుంటాడు.
నిద్రపుచ్చడానికి రాసినదంతా
లేపడం గురించే.

డాల్ఫిన్స్ నోస్ మీది దీపం
నా కిటికీకి కనిపించదు.
తిరుగుతూ ఉంటుందని తెలుసు.

మర్నాడు బోర్డుమీద బొమ్మ గీశాను.
ఒక బాణం తప్పు గీసి, చెరిపి, మళ్ళీ గీశాను.
వెనక బెంచీలు ఆవులించాయి.
నూకరత్నం తలూపింది:
"మా జాలరిపేటోళ్ళూ అంతే సార్.
ఏటకెళ్ళే ముందు హార్బర్లో
అందరూ వలల మీదే తొంగుంటారు.
మా సిన్నాన్న ఒక్కడూ కూకుని
మూడు గంటలకి పేరు పేరునా తడతాడు."

నేను తృప్తిగా సుద్ద దులుపుకున్నాను.

"మరి సార్, ఆ కిందోడికి
టైమెంతయిందో ఎవులు సెప్తారు?"

గంట కొట్టారు.

ఇంటికొచ్చి కెర్నెల్ సోర్సుకి పెట్టాను.
ఇది ఇంకా పెద్దది, నలభై నిమిషాలంటోంది.
యార్డులో బండి కదిలింది.
టీకి నీళ్ళు పడేశాను.